ఉయరక్ బాబాయ్ తవ్వని గుంత

ఉయరక్ బాబాయ్ పన్నెండేళ్లు ఉత్తర ధ్రువం దగ్గరి మా ఊరికి ఎలుగుల కాపలాదారు. సముద్రం గడ్డకట్టేదాకా మంచు మీద సీలు జంతువుల వేట దొరక్క, తెల్ల ఎలుగులు ఆకలితో ఒడ్డంట తిరుగుతాయి. అవి ఊళ్లోకి రాకుండా చప్పుడే తప్ప చంపని మోత తూటాలు పేల్చి తరమడం ఆయన పని. అన్నేళ్లలో ఒక్కదాన్నీ చంపలేదు. ఆ సంగతి తనంతట తను ఎప్పుడూ చెప్పుకోలేదు. ఎలుగుల గురించి గొప్పలు పోతే అవి వింటాయని మావాళ్ల భయం. ఆయన బదులు నేను చెప్పేదాన్ని. ఊరి రేడియోలో మాట్లాడేది నేనే, నాకు నోరెక్కువని అందరికీ తెలుసు.

"నా పేరు రేడియోలో ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అనేవాడు.

"ఏం, ఎలుగు రేడియో కొనుక్కుందా బాబాయ్?"

"దానికి రేడియో ఎందుకు, నీ గొంతు చాలదూ."

ఆయన అంతసేపు మాట్లాడేది నాతోనే. ఇలుపాలిక్ పిన్ని పోయి నాలుగేళ్లయింది, పిల్లల్లేరు. కాపలా తిరుగుతూ రోజుకు నాలుగైదుసార్లు వైర్‌లెస్‌లో పిలిచి "ఒడ్డున ఏమీ లేదు" అని చెప్పేవాడు. ఏమీ లేనప్పుడు చెప్పక్కర్లేదు. అయినా చెప్పేవాడు, నేను పలికేదాకా పెట్టేసేవాడు కాదు.

పిన్ని ఉన్నప్పుడు ప్రతి వేసవి చివర, కోరల సముద్రజంతువు వాల్రస్ మాంసాన్ని దాని తోలులోనే మూటకట్టి కుట్టి, ఊరి తూర్పున గులకరాళ్లలో పాతి, పైన బండలు పేర్చేది. అది లోపలే మాగి, చలికి గడ్డకట్టి, మరుసటి ఏడు తవ్వితే ఇల్లంతా ఘాటెక్కించేది. ఇప్పటి పిల్లలు ముక్కు మూసుకుంటారు. పిన్ని పోయాక బాబాయ్ అదే చోట, అదే గుంతలో పాతుతూ వచ్చాడు. "ఆ వాసనుంటే ఇంట్లో మనిషున్నట్టు ఉంటుందే" అన్నాడు ఒకసారి.

పూర్వం వాసన బయటపడే వేళకి సముద్రం గడ్డకట్టేది, ఎలుగులు మంచు మీదికి వెళ్లిపోయేవి. ఆ ఏడు నవంబరు సగం గడిచినా నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి. బాబాయ్ ఇంటింటికీ తిరిగి, ఊరి దగ్గర పాతిన మాంసమంతా తవ్వించి దూరంగా తరలించాడు. పిన్ని గుంత ఒక్కటి ముట్టుకోలేదు. నేను చూశాను. ఏమీ అనలేదు.

దాన్ని ఒక కుర్ర ఎలుగు కనిపెట్టింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, అంత చిక్కిపోయింది. మూడు రోజులు తరిమాడు. మిగిలిన మాంసాన్ని తవ్వి సముద్రంలో పారేశాడు. అయినా వచ్చింది. ఊరి పక్కన ఒకసారి తిండి దొరికిన ఎలుగు మోతకు బెదరదు. నాలుగోనాడు పొద్దున బడి గంట వేళకు బడి వెనక్కే వచ్చింది.

"సముద్రం ఎలా ఉంది?" వైర్‌లెస్‌లో అడిగాడు.

"పొర కడుతోంది బాబాయ్. ఇంకో మూడు రోజులు పడుతుందేమో."

"మూడు రోజులా..." అన్నాడు. ఆ తర్వాత వినిపించింది మోత తూటా కాదు.

మధ్యాహ్నం నెత్తుటి చేతి తొడుగులతోనే వచ్చి నా మైకు ముందు కూర్చున్నాడు. "ఎలుగును చంపాను. నా గుంత వాసనకే వచ్చింది అది. ఈ ఏడు మన ఊరికి వేటాడే అనుమతి ఉన్న ఎలుగుల లెక్కలో ఒకటి తగ్గుతుంది, తప్పు నాది. మాంసం మా ఇంటి దగ్గరుంది, వచ్చి తీసుకోండి" అన్నాడు.

ఊరు ఊరంతా వచ్చింది. గుమ్మం దగ్గర బూట్లు గుట్టపడ్డాయి. ముసలమ్మలు నేల మీద కూర్చుని టీ తాగారు, పిల్లలు మంచాల మీద గెంతారు. ఒక్కరూ ఆ గుంత మాట ఎత్తలేదు. మావాళ్లు ఎదుటపడి తిట్టరు. నాలుగేళ్లుగా ఎవరూ తొక్కని ఇల్లు నిండిపోతే, బాబాయ్ గోడకు ఆనుకుని, ఎవరింటికో వచ్చినవాడిలా నిలబడ్డాడు. చూడలేకపోయాను.

అందరూ వెళ్లాక కత్తి కడుగుతూ అడిగాడు.

"నువ్వు చూశావు కదే, నేనది తవ్వలేదని."

"చూశాను."

"లోకమంతటి మీదా నోరు చేసుకుంటావు. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే తవ్వేస్తావని, బాబాయ్."

ఆయన కత్తి కిందపెట్టాడు. తడి చేతులతోనే టీ పోసి ఒక కప్పు నాకిచ్చి, తన కప్పుతో నా పక్కన కూర్చున్నాడు.