నోట రాకూడని పేరు

పంతొమ్మిది వందల అరవైల చివర్లో నా పొట్టలో గడ్డ పెరిగింది. విజయనగరం ఆసుపత్రిలో కోసి తీయాలన్నారు. కత్తికి నేను భయపడలేదు, మత్తుకి భయపడ్డాను. దానికి కారణం మా అత్త.

"ఒసే, మత్తులో నోటికి తలుపుండదు. మొగుడి పేరు పైకొచ్చేస్తే ఏటి సేస్తావు? నా కొడుక్కి ఆయుస్సు తగ్గిపోతాది," అంది.

మొగుణ్ణి పెళ్లాం పేరు పెట్టి పిలిస్తే అతని ఆయుష్షు తరుగుతుందని మా నమ్మకం. పెళ్లయి పదేళ్లయినా ఆ పేరు నా నోట రాలేదు. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, నమ్మకుండా ఉండే చదువు నాకెక్కడిది? ఆపరేషను వద్దని మూట సర్దేశాను.

డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. నరాల్లో కణానికీ కణానికీ మధ్య సన్నని సందు ఉంటుందట. ఒక కణం అందులోకి ఏదో రసం వదిలితే అవతలి కణానికి కబురు అందుతుందట. మత్తుమందు ఆ సందు దగ్గరే కబురుని ఆపేస్తుందట. నాకు సగమే తలకెక్కింది. మిగతాది నౌపడ రైల్వే స్టేషన్లో బండ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసే మా ఆయన చెప్పాడు.

"మన టేసన్ లాగేనే. అవతలి టేసనోడు దారి కాళీ అని లైన్ క్లియర్ ఇవ్వకపోతే బండి కదులుతాదా? పట్టాలకేటీ అవదు. బండి ఆగుతాది, అంతే. నీ బుర్ర నుంచి నోటికీ అంతే."

"నిజమేనా?"

"పేరొచ్చినా నాకేటవుతాది? నువ్వు పోతే నాకు కూడెవులు వండుతారు?"

కూడు కోసమా అని కసిరి, ఒప్పుకున్నాను.

మత్తు ఎక్కడం గురించి చెప్పారు గాని, దిగడం గురించి ఒక్కరూ చెప్పలేదు. ఆగిన కబుర్లన్నీ ఒకేసారి కదలవట. నాకు తెలివి రాకముందే నోరొచ్చేసింది. ఇంటిపేరుతో సహా ఆయన్ని మూడుసార్లు పిలిచానని నర్సు చెప్పింది. మూడుసార్లూ మంచం పక్కనుంచి "ఓయ్" అన్నాడట. కుట్లు లాగుతున్నా ఏడ్చాను.

"ఏడవకే. బాగున్నాది. మళ్లీ ఒకపాలి పిలు," అన్నాడు.

"ఊరుకోండి, ఎవులైనా ఇంటారు!"

అత్తకి ఇద్దరమూ చెప్పలేదు. ఆయన తుమ్మినా దగ్గినా కొన్నేళ్లు నా గుండె దడదడలాడేది. జుత్తంతా నెరిసి, మనవల పెళ్లిళ్లు చూసి పోయాడాయన. బతికున్నన్నాళ్లూ, ఎవరూ లేనప్పుడు చూసి, పిలవమని బతిమాలేవాడు. నేను పిలవలేదు.

పిలిస్తే ఏం పోయేది?