తొట్టిలో పడిన తైలం

సిరిసిల్లలో నా భర్త నన్ను నాడెతో కొట్టాడు. నాడె అంటే సాంచెలో, అదే మరమగ్గంలో, దారం మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే కర్ర. రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. సాంచెల మోతలో నా అరుపు నాకే వినిపించలేదు. కుడి మణికట్టు ఎముక విరిగింది. పక్క సాంచెల మీద పనిచేసేవాళ్ళు ఒకసారి తల తిప్పి చూసి, మళ్ళీ తెగిన పోగులు ముడేసుకోవడంలో పడ్డారు. కొట్టడం కొత్త కాదు. ఆ రోజు అతని చేతికి దొరికిన వస్తువే కొత్తది.

కట్టు కట్టించుకుని కోరుట్లలో ఉన్న మా అన్న ఇంటికి వచ్చేశాను. అన్నకు అక్వేరియంల దుకాణం ఉంది. గోల్డ్ ఫిష్, గాజు తొట్లు, రంగు రాళ్ళు అమ్ముతాడు. సముద్రపు చేపల జోలికి ఎప్పుడూ పోలేదు. కానీ జగిత్యాలలో ఒక పళ్ళ డాక్టరు మోజుపడి ఉప్పునీటి తొట్టి పెట్టించుకుని, దాన్ని చూసుకోవడం చేతకాక విసిగిపోయి, అందులో మిగిలిన క్లౌన్‌ఫిష్ జంటను అన్నకే ఇచ్చేశాడు. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద తెల్లని పట్టీలు. అన్న వాటిని ఒక డ్రమ్ములో వేసి ఇంటికి తెచ్చాడు.

మా వదిన డ్రమ్ములోకి తొంగి చూసింది. "మనకే తాగ నీళ్ళు లెవ్వు. గీటికి సముద్రం గావాల్నా?" అంది.

"బకిట్ల కలుపుకునుడే సముద్రం. ఉప్పు పాకెట్టు వస్తది," అన్నాడు అన్న.

"వంటింట్ల ఉప్పు లేదా?"

"గదేస్తే చస్తయే. గా ఉప్పు వేరు."

చేతికి కట్టుతో, ఏ పనీ లేకుండా కూర్చున్న నాకు ఆ జంటను అప్పగించారు. రెండింటిలో పెద్దది ఆడది. అది మగదాన్ని మూలకు తరిమి, రెక్కలు చీలికలయ్యేదాకా కొరికేది. మగది పక్కకు ఒరిగి, ఒళ్ళు వణికించి, ఓడిపోయానని చూపించుకునేది. అయినా వదిలేది కాదు. తొట్టి తుడవడానికి మొదటిసారి చెయ్యి పెట్టినప్పుడు నా వేలి మీద కూడా పడింది. వేలెడంత ప్రాణి, గోరు పక్కన చర్మం లేచిపోయేలా కొరికింది.

"సూడే, ఆడదంటే గట్లుండాలె," అంది వదిన.

నాకు నవ్వు రాలేదు. ఆ మగదాన్ని చూస్తే నా చెయ్యి కట్టు మీదికి పోయేది.

కొన్నాళ్ళకు ఒక కుండ పెంకు మీద గుడ్లు పెట్టాయి. దెబ్బలు తిన్న మగదే వాటి ముందు నిలబడి, చిరిగిన రెక్కలతో వీస్తూ కాపలా కాసింది. పాడైన గుడ్డును నోటితో తీసి తినేసేది. గుడ్లలో వెండి కళ్ళు మెరిశాక పొద్దుగూకి దీపం తీసేస్తే పిల్లలు బయటికి వచ్చాయి. తల్లిదండ్రుల దగ్గర ఉంచితే తినేస్తాయి కాబట్టి వాటిని గిన్నెతో తోడి వేరే చిన్న తొట్టిలో వేశాను. తెగిన వెంట్రుక ముక్కల్లా ఉన్నాయి.

ఆ విడత మొత్తం చచ్చింది. ఉపవాసముండి ప్రార్థించాను. రెండో విడత కూడా చచ్చింది. తొట్టి అడుగున తెల్లని పొరలా పరుచుకున్నాయి. సన్నని పైపుతో పీల్చి బకెట్లోకి వదిలాను. ఇంత ప్రార్థన ఎటు పోయిందని దేవుణ్ణి నిలదీశాను. ఆయన జవాబు ఇచ్చాడనే నేను నమ్ముతాను. ఆ వారమే ఫోనులో ఒక వీడియో కనబడింది. అందులో ఒకాయన తొట్టి నీళ్ళు చిన్న గొట్టంలో పోసి, మందు చుక్కలు వేసి చూపించాడు. పసుపుగా ఉంటే నీళ్ళు మంచివి. ఆకుపచ్చకు తిరిగితే అమ్మోనియా చేరినట్టు. అన్నతో ఆ మందు తెప్పించి చూస్తే నా తొట్టి నీళ్ళు చింతాకు రంగుకు వచ్చాయి.

పిల్లలు తిని విడిచిందీ, తినక మిగిలిందీ, చచ్చినదీ కలిసి విషమవుతాయి. మన ముక్కుకు వాసన తగిలేలోపే వాటి మొప్పలు కాలిపోతాయి. మేతగా కంటికి ఆనని రోటిఫర్లనే జీవాల్ని పచ్చనీళ్ళ డబ్బాల్లో పెంచి వేస్తాం. ఎక్కువేస్తే నీళ్ళు చెడతాయి, తక్కువేస్తే ఆకలితో పోతాయి. కోరుట్ల ఎండకు నీళ్ళు ఆవిరవుతాయి గాని ఉప్పు ఎక్కడికీ పోదు. తగ్గిన మేరకు మళ్ళీ ఉప్పునీళ్ళే పోస్తే తొట్టి ఇంకా చిక్కబడుతుంది. అందుకే వాటర్ ప్లాంటు నీళ్ళు ఉత్తవే చుక్కలు చుక్కలుగా వదలాలి. మురికి నీళ్ళు తీసినప్పుడు మాత్రం ఉప్పు కలిపి, అదే వేడిమికి తెచ్చి పోయాలి. ఇవన్నీ చచ్చిన పిల్లల మీద నేర్చుకున్నాను. అప్పటి నుంచి పొద్దున్నే మోకరించడమూ, నీళ్ళు పరీక్షించడమూ రెండూ నాకు ఆరాధనే అయ్యాయి.

మూడో విడతలో పిల్లలు నిలిచాయి. ఒళ్ళు నారింజకు తిరిగి, తలల వెనక మొదటి తెల్ల పట్టీ మొలవడం మొదలైంది. అన్నిటికంటే గండమైన దశ అదే. ఆ దశలోనే కొట్లాట కూడా మొదలైంది. గోరు ముక్కంత లేవు, తోకలు కొరుక్కునేవి. అన్నీ కలిసి ఒకదాన్ని మూలకు తోసి, అది తలకిందులై తేలేదాకా పొడిచేవి. చచ్చినదాన్ని వెంటనే తియ్యకపోతే మిగతావాటికి అదే విషం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా సంఘ కాపరి ఇంటికి వచ్చారు. అందరమూ ఆయన్ని అయ్యగారూ అని పిలుస్తాం. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. సండే స్కూల్లో పిల్లలకు వాక్యం చెప్పమని నన్ను నిలబెట్టిందీ ఆయనే.

"అమ్మా, నీ పెనిమిటి మారిండు. సిరిసిల్ల సంఘంల నిలవడి సాక్ష్యం చెప్పిండు. తాగుడు ఇడ్సిపెట్టిండంట. కండ్ల నీళ్ళు వెట్టుకున్నడంట," అన్నారు.

"ఎవరి కండ్లల్ల?" అంది వదిన.

అన్న ఆమెను ఉరిమి చూశాడు. అయ్యగారు వినిపించుకోనట్టే ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక అతన్ని ఇక్కడికే పిలిపించి, ప్రార్థన చేసి, నన్ను అతనితో పంపాలని ఆయన అనుకున్నారు. నేను ఎదురు చెప్పలేదు. వివాహం దేవుని ఎదుట చేసిన నిబంధన అని నాకు నేర్పారు, నేనూ పిల్లలకు నేర్పాను. మనిషి మారడని అంటే క్షమాపణను నమ్మనట్టేనని భయం కూడా ఉండేది. పట్టీలు మొత్తం వచ్చేదాకా ఆగనివ్వమని మాత్రం అడిగాను.

"చాపల కోసం మొగన్ని ఆపుతవా?" అని అయ్యగారు నవ్వారు. కోపంగా అనలేదు.

అన్న తర్వాత చెప్పాడు. "నువ్వు వోతే రెండు దినాలల్ల అన్నీ చస్తయే. నాకు రాదు గీ పని. పోకు అని నేను చెప్పలేను, పో అని కూడ చెప్పను."

ఆదివారం నా భర్త వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో కొత్త బైబిలు. అన్నకు, వదినకు వందనాలు చెప్పాడు. నా వైపు చూసి, "మంచిగున్నవా?" అన్నాడు. పిల్లల తొట్టి ఉన్న గదిలోనే చాప పరిచి అందరం మోకరించాం. అతను నా పక్కనే మోకరించాడు. అయ్యగారు ప్రార్థించిన నూనె సీసా తీశారు. మా ఆచారం ప్రకారం ఇంటి గుమ్మాలకు రాశారు, నా నుదుట రాశారు, అతని తల మీద పోశారు. తర్వాత ఆయన గొంతు తొట్టి వైపు నుంచి వినబడింది.

"ప్రభువా, గీ బిడ్డ చేతి కష్టం మీద గూడ నీ తైలం."

కళ్ళు తెరిచాను. ఆయన సీసా వంచారు. నూనె ధార సన్నగా తొట్టిలో పడింది. అంతా ఒక్క క్షణం. ఆయన ప్రేమతోనే చేశారు. ఆ నూనె మీద నాకు విశ్వాసం ఉంది. కానీ నీటి మీద నూనె పొర పరుచుకుంటే గాలి లోపలికి దిగదు. రంగులు రంగులుగా పొర తొట్టి అంచుల దాకా పాకింది. అయ్యగారు తిరిగి వచ్చి మోకరించి, కళ్ళు మూసుకుని, మా ఇద్దరి మధ్య సమాధానం కోసం పెద్ద ప్రార్థన మొదలుపెట్టారు. పిల్లలు ఒక్కొక్కటిగా పైకి లేచి నోళ్ళు తెరిచాయి.

లేవబోయాను. నా చున్నీ కింద నుంచి అతని చెయ్యి వచ్చి నా కుడి మణికట్టును పట్టుకుంది. అతుక్కున్న ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. నోరు మాత్రం "ఆమెన్, ఆమెన్" అంటూనే ఉంది. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి.

"ఇడ్వు. చాపలు చస్తున్నయ్," అన్నాను గుసగుసగా.

"కూసో. ఇజ్జత్ తియ్యకు," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. ఇంకా గట్టిగా నొక్కాడు. ఎముక లోపల ఏదో కదిలింది. సాంచెల మోత చెవుల్లో నిండింది. ఈ మనిషి ఏమీ మారలేదని నాకు ఆ బొటనవేలు చెప్పింది. ప్రార్థన మధ్యలో, తలకు తైలం కారుతూ ఉండగా, ఎవరూ చూడరని తెలిసి నొక్కుతున్నాడు.

చెయ్యి లాక్కుని లేచాను. దినపత్రిక కాగితం చింపి నీటి మీద పరిచాను. కాగితానికి నూనె అంటుకుని వస్తుంది. ఒకటి తీసి పారేసి ఇంకొకటి పరుస్తుండగా నా జుట్టు వెనక్కి లాగినట్టయింది. మొహం గాజుకు తగిలింది. ముక్కు నుంచి రక్తం నీళ్ళలో పడటం చూశాను. రెండో దెబ్బ మెడ మీద పడింది.

"దేవుని కన్న చాపలెక్కువనా నీకు!" అని అరుస్తున్నాడు. "సంఘం ముంగట మోకాళ్ళ మీద కూసోవెట్టిన్రు నన్ను, నీ కోసం!"

అయ్యగారు కళ్ళు తెరిచి లేచేసరికి అతను తొట్టి కింది స్టూలును తన్నాడు. తొట్టి నేల మీద పడి పగిలింది. గాజు పెంకులు, నీళ్ళు, వాటిలో ఎగిరిపడుతున్న నారింజ చుక్కలు. అన్న అతని చొక్కా పట్టి గోడకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. తల మీది నూనె గోడకు మరకైంది. అతను అన్న భుజం కొరికాడు. ఇద్దరూ గాజు మీద దొర్లారు. అయ్యగారు మధ్యలోకి పోబోయారు.

"అయ్యగారూ, కదలకుండ్రి! కాళ్ళ కింద పిల్లలున్నయ్!" అని అరిచాను. ఆయన మీద నేను గొంతెత్తింది ఆ ఒక్కసారే.

ఆయన నిలబడిన చోటే ఆగిపోయారు. తర్వాత మెల్లగా వంగి మోకాళ్ళ మీద కూర్చున్నారు. మర్నాడు మార్చడానికి కలిపి ఉంచిన ఉప్పునీళ్ళ బకెట్టును మధ్యలోకి లాగాను. వదిన గరిటెతో, నేను తడి కాగితపు ముక్కతో, అయ్యగారు ఒట్టి అరచేతులతో ఒక్కొక్క పిల్లనూ ఎత్తి బకెట్లో వేశాం. ఆయన వేళ్ళు తెగి రక్తం వచ్చింది.

అన్న నా భర్తను గుమ్మం దాటించాడు. అతను వీధిలో నిలబడి రాయి తీసుకున్నాడు. వాడకట్టు వాళ్ళు బయటికి వచ్చేసరికి రాయి వదిలేసి, "నువ్వు రావే సిరిసిల్లకు, జెప్త," అని అరిచి వెళ్ళిపోయాడు.

"రాను," అన్నాను లోపలి నుంచే. అతనికి వినిపించిందో లేదో తెలియదు. అయ్యగారికి మాత్రం వినిపించింది.

కొంతసేపటికి ఆయన ఫోను మోగింది. సిరిసిల్ల సంఘ పెద్ద, అమ్మాయి బయలుదేరిందా అని అడుగుతున్నాడు. అయ్యగారు ఇంకా తడి నేల మీదే ఉన్నారు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ బకెట్ అంచు మీద పెట్టారు.

"పంపం," అన్నారు. "లేదన్నా, ఎవరో చెప్తే కాదు. నా ముంగటనే కొట్టిండు. నా ప్రార్థన నడుస్తుండంగనే. సాక్ష్యం నిలవడి చెప్పిండంటే మనం నమ్మినం. ఇప్పుడు నేను జెప్తున్న సాక్ష్యం, రాసుకోండ్రి. ఆ బిడ్డ రాదు."

ఫోను పెట్టేసి బకెట్లోకి వంగి చూశారు.

"అమ్మా, గీ మూలకున్నది కదుల్తలేదు. పండుకున్నదా?"

"చచ్చింది అయ్యగారూ," అన్నాను ముక్కుకు గుడ్డ అదిమి పట్టుకుని. "తీసెయ్యుండ్రి. లేకుంటే నీళ్ళు ఖరాబు చేస్తది."

ఆయన తీశారు.