నాలుగు దేశాల వోడ్కా, జోసెఫ్ అన్న రెండు ‘వద్దు’లు

వోడ్కాకి రుచీ పచీ ఉండదనేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. 1984లో షికాగో పక్కన ఉన్న అరోరాలో ఉద్యోగం చేసే రోజుల్లో, ఆ మాట తప్పని తేల్చుకోవాలనే పిచ్చితోనే షికాగో బయలుదేరాను. డెట్రాయిట్ నుంచి వారాంతానికి మా ఇంటికి వచ్చిన జోసెఫ్‌ని కూడా లాక్కెళ్లాను. వాడు కాకినాడ కాలేజీలో నా రూమ్మేటు. తాగుడు మానేసి అప్పటికి పదకొండు నెలలైందని నాకు తెలియదు. ఇది సరదా ప్రయాణం అనుకుని చదివేవాళ్లను మోసం చేయడం ఇష్టం లేక ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

శనివారం పొద్దున పదింటికి రైలెక్కితే యూనియన్ స్టేషన్‌కి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. జనవరి చలి. దారిలో జోసెఫ్, మిషిగన్ లేక్ చూద్దామన్నాడు, ఫోటోలు తీసుకుందామన్నాడు. గడ్డకట్టిన నీళ్లలో చూసేదేముందని కొట్టిపారేశాను. స్టేషన్ నుంచి మిల్వాకీ అవెన్యూ బస్సులో అరగంట వెళితే పోలిష్ వాళ్ల పేట వస్తుంది. మేం వెళ్లిన బారు యజమాని స్టాన్ అనే పెద్దాయన. చిన్న గ్లాసు డాలరున్నర. రష్యా సరుకు మాత్రం అడగొద్దని, తన దేశానికి వాళ్లు చేసింది చాలని ముందే చెప్పాడు.

మొదట రై అనే గోధుమలాంటి గింజలతో చేసిన పోలిష్ వోడ్కా పోశాడు. నాలుక చివర మిరియపు ఘాటు. జోసెఫ్ తనకొద్దన్నాడు. తరవాతది బంగాళాదుంపలది, అదీ పోలండ్‌దే. గంజిలా చిక్కగా, మెత్తగా దిగింది. జోసెఫ్ మళ్లీ వద్దని, కాఫీ చెప్పమన్నాడు. స్టాన్ కాఫీకి కదిలాడు. నేను ఆపాను. మన ఇళ్లలో అతిథి వద్దనడం, మనం వడ్డించేయడం మామూలే కదా. వద్దు వద్దంటూనే నేను తిన్న పులిహోరకు లెక్కలేదు.

“ఆయన వద్దంటున్నారు కదా,” అన్నాడు స్టాన్ ఇంగ్లీషులో.

మావాళ్లు అలాగే అంటారు, పొయ్యండి, అని నవ్వాను. జోసెఫ్ వైపు తిరిగి, “ఏంట్రా, నా దగ్గర కూడా మొహమాటమా? నా మీద ఒట్టు, తాగాల్సిందే,” అన్నాను.

వాడు స్టాన్ పోసిన గ్లాసు వైపు చాలాసేపు చూశాడు. తరవాత ఒక్క గుక్కలో తాగేశాడు. నాకు గెలిచినంత సంతోషమేసింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఫిన్లాండ్‌ది బార్లీతో చేసింది, నీళ్లంత తేట. స్వీడన్‌ది గోధుమలది, నున్నగా దిగి చివర్లో సోంపు వాసన తగిలింది. ఇదంతా జోసెఫ్‌కి వివరిస్తున్నాను గానీ వాడు వినడం లేదు. ఏ దేశానిదైనా సరే, ఇంకొకటి పొయ్యమని తనే అడిగాడు. స్టాన్ మళ్లీ నా మొహం చూడలేదు.

నాలుగింటి రైలుకు బయలుదేరాం. నేను బస్సు కోసం చూస్తుంటే వాడు పక్క కొట్లోకి వెళ్లి, మొక్కజొన్నతో చేసిన చవక అమెరికన్ వోడ్కా సీసా కొన్నాడు. ఆ రకం కొద్దిగా తియ్యగా ఉంటుంది. నాకు గిఫ్ట్ కాబోలనుకున్నాను. ఆదివారం అరోరాలో తెలుగు ప్రార్థనకు వాడు మంచం మీంచి లేవలేదు. సీసా ఖాళీ.

సోమవారం, వాడు డెట్రాయిట్ చేరాక, వాడి భార్య సుగుణ ఫోన్ చేసింది. ఆ పదకొండు నెలల సంగతి అప్పుడు తెలిసింది. “మీ ఇంటికే కదా అని ధైర్యంగా పంపించాను, అన్నయ్యగారూ,” అంది. ఫోన్ పెట్టేసింది.

జోసెఫ్ మళ్లీ మానలేకపోయాడు. రెండేళ్ల తరవాత డెట్రాయిట్ హాస్పిటల్‌లో లివర్ పాడై చనిపోయాడు. అప్పుడు కూడా సుగుణ నన్ను ఒక్క మాట అనలేదు. వాడు నాకు నిజం చెప్పి ఉండాల్సిందని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. వాడు రెండుసార్లు వద్దని చెప్పాడు, నేనే వినలేదు. ఆ పేటలో ఇప్పుడు కూడా రకరకాల వోడ్కాలు దొరుకుతాయట, వెళ్లండి, రుచి చూడండి. ఒక్క సలహా: తోడు వచ్చిన మనిషి వద్దంటే, ఎందుకని కూడా అడగకండి.