స్టాంపు తెచ్చేలోగా

నందిగామలో మా కాలేజీ గుమస్తాగారు ఇంటర్‌లో చేరడానికొచ్చిన పిల్లల దరఖాస్తులు తనే నింపేవారు. అన్నీ రాసి, గ్రూపు అనే గడి దగ్గర మాత్రం కలం ఆపేవారు.

అది డెబ్బైల నాటి మాట. జగ్గయ్యపేట నుంచి నాన్న నన్ను తీసుకెళ్లాడు. "సీఈసీ రాయండి. ఆడపిల్లకి కప్పలు కోసే చదువెందుకు?" అన్నాడు. నాకేమో బైపీసీ మీద ప్రాణం.

"రెవిన్యూ స్టాంపొకటి కావాలండి. పోస్టాఫీసులో దొరుకుద్ది" అన్నారు గుమస్తాగారు. నాన్న వెళ్లగానే కళ్లజోడు పైకి జరిపి, "ఏం రాయమంటావమ్మా?" అని నన్నడిగారు. నేను తలొంచుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. కలానికి మూతా పెట్టలేదు.

నాన్న స్టాంపు తెచ్చాడు. ఆయన దాన్ని వెలుతురులో పట్టి చూసి, "అంచు చిరిగిందండి. ఇంకోటి తేవాలి" అన్నారు. అది చిరగలేదు, నేను చూశాను. నాన్న విసుక్కుంటూ మళ్లీ వెళ్లాడు. రెండోసారీ నా నోరు పెగల్లేదు. నాన్న తిరిగొచ్చాక ఆయన నెమ్మదిగా సీఈసీ అని రాశారు.

దరఖాస్తుకి అసలు స్టాంపే అక్కర్లేదని కాలేజీలో చేరాక ఒక బైపీసీ అమ్మాయి చెప్పింది. వాళ్ల నాన్ననీ పోస్టాఫీసుకి పంపారట. గుమస్తాగారితో ఏదో ఒకటి చెప్పాలని రెండేళ్లూ ఆఫీసు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేదాన్ని.

ఇప్పటికీ బెజవాడ బస్సు నందిగామలో ఆగితే పోస్టాఫీసు వీధి వైపు చూస్తాను. స్టాంపు కోసం వెళ్లిన నాన్న ఇంకా రాలేదు. "బైపీసీ అండి" అంటాను, నాకు మాత్రమే వినపడేలా.