ఆదినారాయణప్ప ఎదురుచూపు

ఆదినారాయణప్ప ఒకచోట కుదురుగా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. ముప్ఫై రెండేళ్లు సిటీ బస్సు నడిపాడు. చివరి పదకొండేళ్లు ఆ బస్సులో కండక్టరుని నేనే. టైమైతే బండి కదలాల్సిందే. పరుగెత్తుకొచ్చే ముసలమ్మను చూసి నేను విజిల్ ఊదినా ఆపేవాడు కాదు. ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

ఆ బుద్ధే తండ్రి పోయిన రోజూ చూపించాడు. తమ్ముడు శ్రీనివాసప్ప కె.ఆర్.పురం వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, "వస్తా ఉండాను, ఆగన్నా" అని ఫోన్ చేశాడు. పొద్దు వాలుతోందని ఈయన చితికి నిప్పు పెట్టేశాడు. పావుగంట తర్వాత తమ్ముడు చేరుకున్నాడు. అప్పటినుంచి ఏడేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు.

శ్రీనివాసప్ప మా వీధిలోనే ఉంటాడు. నేనే ఇద్దరినీ బతిమాలి, సోమవారం పదింటికి హలసూరు సోమేశ్వరాలయంలో కలుసుకోవడానికి ఒప్పించాను.

దర్శనమైంది. శివుడి గుడిలో కాసేపు కూర్చోకుండా పోకూడదు కదా, జనం మధ్యలో రాతి మంటపంలో చోటు చూసుకుని కూలబడ్డాం. పదీ పదికల్లా ఈయన లేచాడు.

"వాడు రాడులే నళినీ. పోదాం పా."

"కూసో అన్నా! ఇదేమన్నా డిపోనా?" అన్నాను.

కూర్చున్నాడు. మోకాలు ఊపాడు. నంది దాకా వెళ్లొచ్చాడు. చెప్పులు ఉన్నాయో లేదో రెండుసార్లు చూసొచ్చాడు. ఫోన్ చేస్తే తమ్ముడు ఎత్తలేదు. పదకొండున్నరైంది. నాకే ఓపిక నశించి, "సాయంత్రం నేను మాట్లాడతాలే, పద ఇంటికి" అన్నాను.

ఆయన కదల్లేదు. "నువ్వు పోమ్మా. తలుపులేసే దాకా నేనీడే ఉంటా" అన్నాడు. నాకు భయమేసింది. ఈయన్ని ఇలా ఎప్పుడూ చూడలేదు. నేనూ పోలేక పక్కనే కూర్చున్నాను.

పన్నెండు దాటాక పూజారి గర్భగుడి తలుపులు వేశాడు. జనం పలచబడ్డారు. అప్పుడు కొస స్తంభం చాటునుంచి శ్రీనివాసప్ప లేచొచ్చాడు. తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చున్నాడట! నాకు ఒళ్లు మండింది.

"ఇదేం పనప్పా? రెండు గంటలు ఈయన్ని ఏడిపిస్తివే!"

అతను నా వైపు చూడనైనా లేదు.

"ఎంతసేపుంటావో చూద్దామని కూసున్నా అన్నా" అన్నాడు. "రెండు గంటలుండావు. ఆపొద్దు నాకోసం పావుగంట ఉండింటే, నాయిన మొగం చూసుందును."

ఆదినారాయణప్ప తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. శ్రీనివాసప్ప విడిపించుకోలేదు.