ఆమెన్ తర్వాత మజ్జిగ

ఈ మధ్య ఎవరింటికి భోజనానికి వెళ్లినా రసం చల్లగా పోస్తున్నారు. రసం అన్నాక నాలుకను కాస్త బెదిరించాలి. ఇప్పటి రసం నాలుకను పలకరించి, క్షేమం కనుక్కొని, మర్యాదగా లోపలికి పోతోంది. ఈ ఫిర్యాదు చేసే అర్హత నాకు లేదు. ఒకప్పుడు సేత్తూరులో ఒక ఇంటి వంటంతా, ముద్ద నోట పెట్టకుండానే, నోటితో చల్లార్చిన ఘనుణ్ణి నేను. ఆ విపత్తు చెబుతాను. మీరు భోజనం చేసి ఉంటే మంచిది.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. పాళయంకోట కాలేజీలో చదువు ముగించి, తమిళసీమలోని మా ఊరు రాజపాళయం తిరిగి వచ్చాను. కాలేజీలో దేవుణ్ణి గురించి లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు చదివాను. దేవుడు వాటిలో ఉన్నాడనే విన్నాను కానీ, నేను తెరిచినప్పుడల్లా ఎక్కడికో వెళ్లి ఉండేవాడు.

మా ప్రాంతంలో తెలుగు మాట్లాడే క్రైస్తవుల ఇళ్లు కొద్ది. సేత్తూరు చిన్నగుడిలో వాక్యం చెప్పే ఉపదేశి కూతురు ఎస్తేరు, పండుగలకు మా గుడికి వచ్చేది. ఆమె ముందు బెంచీలో మోకరిస్తే, వెనక బెంచీలో నా భక్తి ఏపుగా పెరిగేది.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. పిల్లను నేరుగా తండ్రిని అడగరు. పెళ్లికొడుకు కాదలచినవాడు ఆ ఇంటికి భోజనానికి వెళ్తాడు. అన్నం ముందు ప్రార్థన అతణ్ణే చేయమంటారు. అందులో అతను పిల్లను ఇమ్మని దేవుణ్ణి అడగాలి, తండ్రి చెవిన పడేట్టుగా. తండ్రి ఆమెన్ అంటే సంబంధం కుదిరినట్టు. ఆమెన్ దాటాక అడగడం మర్యాద కాదు.

బయలుదేరేముందు అమ్మ హెచ్చరించింది.

"కాలేజీ జెపం చేసేవు, వద్దురా. స్తోత్రం చెప్పు, బిడ్డను అడుగు, ఆమెన్ అను. కొళంబు ఆరిపోతే ఆడోళ్లకు కోపం వస్తాది."

ఉపదేశి ఇంట్లో ఆకులు వేశారు. అన్నం వడ్డించారు. కోడి పులుసు, అదే మా కొళంబు, కుండతో వెనక తలుపు పక్కన దించారు. ఎస్తేరు గరిటె పట్టుకొని కుండ దగ్గర నిలబడింది. ఉపదేశి "జెపం చేయప్పా" అన్నాడు. అందరూ కళ్లు మూశారు. నేనూ మూశాను.

స్తోత్రం బాగానే వచ్చింది. అడగాల్సిన మాటే గొంతులో కూర్చొని లేవనంది. ధైర్యం వచ్చేదాకా కాలక్షేపానికని అన్నం కోసం స్తోత్రం చెప్పాను. అది పండిన చేను కోసం చెప్పాను. ధైర్యం రాలేదు. ఉప్పుకు చెప్పాను. చింతపండుకు చెప్పాను. తుంపరలోనూ తడవని కట్టెలకు, చిరగని అరటాకుకు, కొళంబులో కరివేపాకు వాసనకు చెప్పాను.

పాఠకులు నవ్వవచ్చు. కానీ అక్కడ ఒక చిత్రం జరిగింది. మొదట కాలక్షేపానికి చెప్పినవాణ్ణి, కరివేపాకు దగ్గరికి వచ్చేసరికి నిజంగానే చెబుతున్నాను. ఇన్నేళ్లూ ఇవన్నీ ఎవరు పంపితే తిన్నానా అనిపించింది. పుస్తకాల్లో దొరకని దేవుడు చింతపండు పులుసులో దొరికాడు. దొరికినవాణ్ణి వదలబుద్ధి కాలేదు. పెళ్లిమాట సంగతే మరిచి, బావికీ చేదతాడుకీ గేదెకీ స్తోత్రం చెప్పుకుంటూ పోయాను. చివరికి ఎలాగో గుర్తొచ్చి, "ప్రభువా, ఈ కొళంబు వండిన చేతుల కోసం..." అన్నానో లేదో, ధడేలుమంది. అదిరిపడి ఆమెన్ అన్నాను.

కళ్లు తెరిచి చూస్తే, పక్క పెద్దింటి తెల్ల వేటకుక్క మూతి నాక్కుంటూ వెళ్లిపోతోంది. మా సీమ కుక్కలు అడవిపందిని పడగొడతాయని పేరు. ఉడికిన కోడి దానికి ఏపాటి? కుండ బోర్లా పడి ఉంది. ఆలస్యం అమృతం విషం అంటారు. మాకు ఆలస్యం కోడి కుక్కపాలు.

ఉపదేశి దయగలవాడు. పద్ధతిని కాస్త వంచి మెల్లగా అడిగాడు.

"ఏమప్పా, ఇంకా ఏమైనా అడిగేది ఉందా?"

ఇంటిల్లిపాదీ నావైపే చూశారు. ఎస్తేరు కూడా. చదువుకున్నవాణ్ణి, ఖాళీ కుండను చూశాను, ఆకులో ఎండిన అన్నాన్ని చూశాను.

"కొంచెం మజ్జిగ, మామా" అన్నాను.

మజ్జిగ పోశారు. ఎస్తేరే పోసింది. పుల్లగా ఉంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, ఇక మామ ఏం పెడతాడు? మరుసటి వేసవికి ఆమెకు మంసాపురం బడి అయ్యవారితో పెళ్లయింది. ఆయన రెండో మాటలోనే అడిగేశాడట.

తర్వాత నాకూ కొన్ని సంబంధాలు వచ్చాయి. వెళ్లలేదు. ఆ వేళల్లో ఆకలి ఉండేది కాదు. రోజూ అన్నం ముందు మాత్రం ఉప్పుకూ కట్టెలకూ పేరుపేరునా స్తోత్రం చెబుతాను. ఆ ఇంటి నుంచి నాతో వచ్చింది అదొక్కటే. కొన్ని పూటలు, చెప్పవలసినవన్నీ చెప్పాక కూడా, ఇంకెవరి పేరో మిగిలిపోయినట్టు కళ్లు తెరవబుద్ధి కాదు. సేత్తూరు బస్సు పోతుంటే ఇప్పటికీ పనిలేకుండా తల తిప్పుతాను. మెడ అలవాటు.

అందుచేత పెద్దల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: నలుగురి ముందు, వడ్డించిన విస్తరి ఎదుట, వెనక తలుపు గడియ పడనిదే ఇక నేను కళ్లు మూయను.

యుద్ధం రోజుల్లో, కోత పండుగకు గుడి ఆవరణలో అందరికీ అన్నం పెట్టారు. ఎస్తేరు చంకలో బిడ్డతో మా వరుసకు వడ్డిస్తూ వచ్చింది. నా ఆకు ముందు ఆగింది. ఏదో ఒకటి మాట్లాడాలని, ఆనాటి కుక్క ఇంకా బతికి ఉందా అని అడిగాను.

ఆమె అన్నం పెట్టి, బిడ్డను ఇంకో చంకకు మార్చుకొని అంది:

"అది లోపలికి వచ్చేది నేను చూసినాను. మీరు నన్ను అడిగినంక తరుముదామని ఊరికే ఉంటిని."