నీలిమందు తొట్టిలో కొర్రమీనులు

నిన్న లాకు తలుపులెత్తారు. రెండు నెలలుగా ఎండి నెర్రెలు విచ్చిన కాలువ బురద మీద గోదావరి నీళ్ళు పడగానే లేచిన వాసన నా బల్ల దాకా వచ్చింది. లాకు గుమాస్తాగా ఏటా పీల్చే వాసనే. అయినా ప్రతిసారీ మా పెద్దత్త సత్తెమ్మ గుర్తుకొస్తుంది, నా చెవులు వేడెక్కుతాయి.

నేను వాళ్ళ పల్లెకు ఇల్లరికపు అల్లుణ్ణి. ఆవిడ మా అత్తగారి అక్క. ఉన్నవి పదకొండు గడపలు, అందరికీ వేటే బతుకు. వేసవిలో మరమ్మతులకని కాలువ కట్టేస్తే వేట ఉండదు. అందుకని మడుగుల్లో చిక్కుకున్న కొర్రమీనులను ప్రాణంతో పట్టి, దొరలెవరో బట్టల రంగు తీయడానికి కట్టి వదిలేసి పోయిన నీలిమందు తొట్టిలో బావినీళ్ళు నింపి దాచేవారు. కాలువకు మళ్ళీ నీళ్ళొచ్చేదాకా ఊరంతా అందులోంచే తినాలి. తొట్టికి పెద్ద సత్తెమ్మ. నేను కొత్తగా అల్లుడినై వచ్చిన ఏడు మేత వేసే పని నాకప్పగించింది. నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ణని నాకప్పట్లో మహా గర్వం. పొద్దున్నే తొట్టి మెట్టు మీద నిలబడి, నలుగురూ చూసేలా, గంపెడు నత్తమాంసం ఒక్కచోటే కుమ్మరించేవాణ్ణి. చేపలు ఎగిరెగిరి పడుతుంటే జమీందారులా మీసం దువ్వుకునేవాణ్ణి.

పది రోజులు తిరక్కుండానే చేపలు చావసాగాయి. రెక్కలు చిరిగి, తోకలు తెగి తేలేవి. నుదుట మచ్చ ఉన్న పెద్ద కొర్రమీను ఒకటి మెట్టు కింద కాపురం పెట్టి, దగ్గరకొచ్చిన ప్రతిదాన్నీ కరిచి తరిమేది. తరిమించుకున్నవి మూలకు చేరి ఒకదాన్నొకటి కొరుక్కునేవి. జనం పోగయ్యారు.

“ఆ మచ్చదాన్ని పులుసెట్టెయ్యండి,” అన్నాడు పక్కింటి అప్పన్న. “లేదంటే ఎవరి వంతు ఆళ్ళకిచ్చెయ్యండి. మా కుండల్లో మేం దాచుకుంటాం.”

ఆ ఎండలకు కుండల్లో చేప మూడు రోజులు బతకదని అప్పన్నకూ తెలుసు. కోపం అలా అనిపించింది.

“తొట్టి పంచనండి,” అంది సత్తెమ్మ. “దాన్ని చంపితే రేపు ఇంకోటొచ్చి అక్కడే కూచుంటాది. వారం ఆగండి. తర్వాత మీ ఇష్టం.”

ఆ పగలంతా మెట్టు మీద కూర్చుని నీళ్ళలోకే చూసింది. మర్నాడు నేను గంప ఎత్తబోతే, “ఆగండల్లుడుగారూ,” అంది. ఎంత కోపమొచ్చినా ‘అండి’ లేకుండా నన్ను తిట్టిన మనిషి కాదు. “మేత రోజూ ఇక్కడే ఏత్తన్నారా?”

“అవునండి.”

“అదేనండి. కూడంతా ఒక్కచోట పెడితే బలమున్నది ఆ చోటు వదలదు. దాన్నక్కడ కూచోబెట్టింది మీరే.”

మచ్చదాన్ని పట్టి, మూతికి వల కట్టిన బానలో వేసి, నీడన పెట్టి పూటపూటా నీళ్ళు మార్చింది. నన్ను నడుంలోతు నీళ్ళలోకి దింపింది. పగిలిన కుండలూ తాటిమట్టలూ తొట్టంతా పరిచి, పాత చోటేదీ ఆనవాలు దొరక్కుండా మార్చేశాం. చిన్న చేపలకు వెదురు తడిక అడ్డం కట్టాం. మేత ఆరు చోట్ల, చారెడు చారెడు వేశాం. ఐదో రోజున మచ్చదాన్ని వదిలింది. అది నేరుగా మెట్టు కిందకే వెళ్ళింది. అక్కడిప్పుడు కుండ, కుండలో ఇంకో చేప. కాసేపు దిక్కుతోచక తిరిగి, ఒక తాటిమట్ట కింద సర్దుకుంది.

వారం నాటికి చావులు ఆగాయి. “ఇంతకీ తప్పెవరిదండీ?” అని అందరి ముందూ అడిగాడు అప్పన్న.

“తొట్టి నాదండి. తప్పూ నాదే,” అంది పెద్దత్త, నా వైపు చూడకుండా.

తెల్లారగానే పదకొండు గడపలూ ఎక్కి, మేత అలా వేసింది నేనేనని చెప్పి వచ్చాను. ఆవిడ మెచ్చుకుంటుందని ఆశపడ్డాను కూడా. “గంప అక్కడుందండి. చేపలు ఆకలి మీదున్నాయి,” అంది, అంతే.

సత్తెమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నిన్న నీళ్ళు రాగానే లాకు దగ్గర పడవలవాళ్ళు ముందు దాటేది నేనంటే నేనని కొట్టుకోడానికి గెడలెత్తారు. “ఆ ముందున్నోణ్ణి పట్టుకోమంటారాండీ?” అన్నాడు బంట్రోతు. ఆగమన్నాను. పడవలు కట్టే గుంజలన్నీ ఒక్క రేవులోనే ఉన్నాయి. అక్కడ పాతించింది నేనే. ఆ మాట పడవలవాళ్ళందరికీ వినబడేలా చెప్పి, గుంజలు పీకి దూరదూరంగా పాతడానికి పార పట్టుకుని గట్టు దిగాను.